నిద్రలేమి: అసలును వడ్డీయును

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలో విద్యామహిమను గూర్చియో, గ్రంథాలయోద్యమ చరిత్రమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. ఆ విషయములను నాకన్న బాగుగా చెప్పగలవారు ఈ వేదికపై నున్నారు. కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని కోరినప్పుడు, "నిద్రను గూర్చి చెప్పెదను" అంటిని. వారు నవ్వి, "సభలో నిద్రపోవువారిని చూచితిమి గాని, నిద్రను గూర్చి ప్రసంగించువారిని చూడలేదు" అనిరి. ఆ హాస్యమును నేను ఆశీర్వచనముగనే గ్రహించితిని. ఈ ప్రసంగము వినుచు ఎవరికైనను కునుకు పట్టినచో నా శ్రమ ఫలించినట్లే.

నేను వైద్యుడను కాను. పరీక్షలు గడచిన పండితుడను కాను. మా తాతగారు కరణీకము చేసినవారు. 1984లో ఆ పదవి రద్దయ్యెను గాని, మా యింట కలమును పద్దుపుస్తకమును మిగిలిపోయినవి. ఊరి సంఘముల లెక్కలు, రైతుల పద్దులు వ్రాయుట నా వృత్తి. తీరిక దొరకినప్పుడు భారతభాగవతములను, చేతనైనంత మట్టుకు ఆయుర్వేద గ్రంథములను చదువుకొనుట నాకు అలవాటు. లెక్కలు వ్రాయువానికి ఇంటింటి కష్టము తెలియును. ఎవరికెంత అప్పున్నదో తెలిసినట్లే, ఎవరికి నిద్ర పట్టుట లేదో కూడ తెలియును. ఆ యనుభవముతోనే ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

మన పూర్వులు నిద్రను సోమరితనముగా నెంచలేదు. శరీరమును నిలుపు ఆధారములు మూడని చరకసంహిత చెప్పినది. అవి ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము. అనగా అన్నము ఎంత ముఖ్యమో నిద్రయు నంతే ముఖ్యము. పొరుగువాడు పస్తున్నాడని తెలిసిన మనము గిన్నెడు గంజియైన పంపుదుము. పొరుగువాడు నెల దినములుగా నిద్రపోలేదని తెలిసినచో, "ఏదో ఆలోచన కాబోలు" అని ఊరకుందుము. ఈ ఉపేక్షయే నన్ను ఈ విషయము నెత్తుకొనునట్లు చేసినది.

మన సాహిత్యములో నిద్ర పట్టనివారి కథలు పెక్కు కలవు. అందు ప్రథముడు ధృతరాష్ట్రుడు. పాండవుల యొద్దకు రాయబారమేగి వచ్చిన సంజయుడు, వారి సందేశమును మరునాడు సభలోనే చెప్పెదనని, రాజును మందలించి వెడలిపోయెను. ఏమి వినవలసివచ్చునో యని ఆ యంధరాజునకు రాత్రి కన్ను మూతపడలేదు. విదురుని పిలిపించెను. వ్యాసభారతములో ఈ ఘట్టమునకు ప్రజాగరపర్వమనియే పేరు, ప్రజాగరమనగా మేలుకొనియుండుట. ఉద్యోగపర్వమును మనకు తెనుగున నందించినవాడు తిక్కన సోమయాజి. లోకమంతయు కొనియాడు విదురనీతి ఒక ముసలిరాజునకు నిద్ర పట్టకపోవుట వలన పుట్టినదే!

విదురుడు వెంటనే నీతులు చెప్పలేదు. బలవంతుని పగకు చిక్కిన దుర్బలుడు, ఏ సాధనమును లేనివాడు, సొత్తు పోగొట్టుకొన్నవాడు, కాముకుడు, దొంగ, వీరికి నిద్ర యుండదని చెప్పి, ఇందులో నీవెవడవని రాజునే ప్రశ్నించెను. మంచి వైద్యుడు చేయు పనియు నిదియే. మందుచీటీ వ్రాయుటకు ముందు కారణ మడుగును. ధృతరాష్ట్రుడు రాత్రియంతయు విని, మెచ్చుకొని, తెల్లవారిన తరువాత కుమారుని దారినే పోయెను. కావున ఆ జాగరణము నిష్ఫలమయ్యెను. పగలు తీర్పవలసిన పనిని పగలు తీర్పక, రాత్రి ఎంత విచారించినను లాభము లేదని ఈ కథవలన నేను గ్రహించితిని. తీర్పగల బాకీ యున్నదా, తీర్పుడు. చెప్పవలసిన క్షమాపణ యున్నదా, చెప్పుడు. అట్టి నిద్రలేమికి వేరు మందు లేదు.

అయితే ఏ తప్పును చేయకయే నిద్రకు దూరమైనవారు కలరు. విదురుని పట్టికలో మూడవవాడు, సొత్తు పోగొట్టుకొన్నవాడు, అట్టివాడే. వానిని చూచుటకు మనము హస్తినాపురము పోనక్కరలేదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన పలాస చేరువను తీరము దాటెను. గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచెను. విసురు 165 వరకు పోయెను. వెలుగు వచ్చి చూచునప్పటికి ఉద్దానములో కొబ్బరితోటలు నేలవ్రాలియుండెను. జీడిచెట్లు వేళ్లతో సహా పెకలిపడియుండెను. కొబ్బరి వరిపైరు వంటిది కాదు. పోయినచో మరుసటి యేట మరల పండించుకొనుటకు వీలు లేదు. దేశవాళీ మొక్క ఆరేడేండ్లకు గాని కాపునకు రాదు. తాత నాటిన చెట్టు మనుమని చదువునకు ఫీజు కట్టుచుండెను. అది ఒక్క రాత్రిలో పోయెను.

ఆ దినములలో తోట తోటకు తిరిగి, పడిన చెట్ల పట్టికలు వ్రాసినవారిలో నేనును ఒకడను. ఒక పెద్దాయన నాతో అనిన మాట నేటికిని నా చెవిలో నున్నది. "పగలు నువ్వు రాసిన చెట్లనే రాత్రంతా నేను లెక్కెడతన్నాను బాబూ" అనెను. ఆయనకు నిద్ర రాకపోవుట రోగము కాదు; అది దుఃఖము. దుఃఖమునకు కొంతకాలము గడువు ఈయవలెను. కాని రెండేండ్లు గడచి, క్రొత్త మొక్కలు వేళ్లూనిన తరువాత కూడ ఆయనకు నిద్ర రాలేదు. అప్పుడాయన చెట్లను తలచుట లేదు. "ఈ రాత్రియు నిద్ర రాదేమో" యని మాత్రమే తలచుచుండెను. ప్రొద్దు క్రుంకగనే గుండె దడ. మంచము చూడగనే బెంగ. తుఫాను పోయినది, నిద్రలేమి మాత్రము ఇంట నిలిచిపోయినది.

దీనిని నా వృత్తిలోని రెండు మాటలతో చెప్పెదను. ఒకటి అసలు, రెండవది వడ్డీ. తుఫాను, అప్పు, ఆప్తుల మరణము, ఆడపిల్ల పెండ్లి దిగులు, ఇవి అసలు. నిద్ర రాలేదని మనము పడు భయము, ఆ భయముతో చేయు పనులు, ఇవి వడ్డీ. అసలు మన చేతిలో లేకపోవచ్చును. వడ్డీని మాత్రము పెంచునది మనమే, ఆపగలవారమును మనమే. 1987లో ఆర్థర్ స్పీల్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఇదే చెప్పిరి. నిద్రలేమిని ఆరంభించు కారణములు వేరు, దానిని నిలిపియుంచు కారణములు వేరు అని వారి సిద్ధాంతము.

ఆ వడ్డీ యెట్లు పెరుగునో చూడుడు. నిన్న నిద్ర లేదు గనుక నేడు ఎనిమిది గంటలకే మంచమెక్కుదుము. అంత పెందలకడ నిద్ర రాదు, పొర్లుచుందుము. గడియారము చూతుము, పన్నెండయినదని గుండె జారును. తెల్లవారుజామున ఒక కునుకు పట్టును. దానిని విడువలేక ఎండ వచ్చువరకు పడుకొందుము. పగలు తూగు వచ్చునని నాలుగు మారులు టీ త్రాగుదుము. మధ్యాహ్నము రెండు గంటలు నిద్రింతుము. మరల రాత్రి నిద్ర రాదు. ఈ విధముగా ఒక రాత్రి బాకీ చక్రవడ్డీగా పెరిగి సంవత్సరముల కొలది నడచును.

ఒక్క రాత్రి నిద్ర లేకపోవుట ప్రమాదము కాదు. శివరాత్రినాడు జాగరణము చేయుదుము. తూర్పుభాగవతము వచ్చినచో తెల్లవార్లు కూర్చుందుము. అందువలన ఎవరికిని వ్యాధి రాలేదు. వారమునకు మూడు రాత్రులైన నిద్ర చెడి, అట్లు మూడు మాసములు సాగి, పగటి పనులు చెడునప్పుడే వైద్యులు దానిని దీర్ఘకాలపు నిద్రలేమి యందురు.

ఇక నిద్ర యెట్లు వచ్చునో తెలిసికొందము. నిద్రకు రెండు పుస్తకములు కలవు. మొదటిది జమ పుస్తకము. మనము మేలుకొన్నది మొదలు మెదడులో అడినోసిన్ అను పదార్థము కొంచెము కొంచెముగా జమయగుచుండును. అది పెరిగినకొలది నిద్రమత్తు పెరుగును. పగలు చాలసేపు నిద్రించినవాడు రాత్రికి కావలసిన ఆ సొమ్మును పగలే ఖర్చు చేసినవాడగును. టీలోను, కాఫీలోను ఉండు కెఫీన్ ఆ జమను చెరుపదు. మనకు తెలియకుండ మరుగుపరచును. త్రాగిన అయిదారు గంటలకు కూడ అందులో సుమారు సగము శరీరములో నిలిచియుండును. కావున సాయంకాలము త్రాగిన టీ పడుకొను వేళకును మనతోనే యుండును.

రెండవది గడియారపు పుస్తకము. మన ప్రతి కణములోను ఒక గడియారము నడచుచున్నది. దాని యంత్రరచనను కనుగొన్నందులకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అను మువ్వురికి వైద్యశాస్త్రములో నోబెల్ బహుమతి వచ్చెను. ఆ గడియారమునకు కీ ఇచ్చునది ఉదయపు వెలుతురు. చీకటి పడిన తరువాత మెలటోనిన్ అను రసము మెదడులో ఊరి, రాత్రి యైనదని దేహమునకు తెలుపును. ఆ వేళ ముఖమునకు దగ్గరగా సెల్‌ఫోను వెలుగు పెట్టుకొన్నచో ఆ వార్త దేహమునకు ఆలస్యముగా చేరును. వేకువనే వల భుజముపై వేసికొని సముద్రమునకు పోవు బెస్తవానికిని, దూడను విప్పి పాలు పితుకు ఇల్లాలికిని ఈ కీ ఉచితముగా దొరకుచున్నది. తలుపులు మూసికొని తొమ్మిదింటివరకు పడుకొనువానికి దొరకదు.

ఈ రెండు పుస్తకములు సరిపోవునట్లు చేయుటయే చికిత్స. నిద్రలేమికి మాత్రలకన్న ముందు ఇట్టి అభ్యాసచికిత్సనే చేయవలెనని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ అను వైద్యసంస్థ సూచించెను. దాని సారమును మన యింటికి తగినట్లు చెప్పెదను.

మొదటిది, మేలుకొను వేళను స్థిరము చేయుడు. రాత్రి ఎట్లు గడచినను, ఉదయము ఒకే వేళకు లేచి, వెలుతురులోనికి రండు. పడుకొను వేళ మన యాజ్ఞకు లోబడదు; లేచు వేళ లోబడును.

రెండవది, నిద్రమత్తు వచ్చిన తరువాతనే మంచమెక్కుడు. ఇరువది నిమిషములైనట్లు తోచినను నిద్ర రానిచో లేచి, అరుగుమీదనో వేరు గదిలోనో మసక వెలుతురులో ఊరక కూర్చుండుడు. మత్తు వచ్చిన తరువాత మరల పడుకొనుడు. మంచమును కలతకు కాక నిద్రకే అలవాటు చేయు ఈ పద్ధతిని 1972లో రిచర్డ్ బూట్జిన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. మంచముమీద కూర్చుండి అప్పులెక్కలు చూచుట, కోడలితో వాదించుట, ఫోనులో వార్తలు చూచుట మానుడు. గడియారమును కంటికి కానరాకుండ పెట్టుడు.

మూడవది, నిద్ర ఎంతయో పడకయు నంతే. రాత్రికి అయిదారు గంటలే నిద్రించువాడు పది గంటలు మంచముమీద నుండుట వలన నిద్ర పలుచబడును. కొద్ది పాలలో పెద్ద చెంబెడు నీరు పోసినట్లగును. మంచముమీద నుండు కాలమును కొన్ని వారములు తగ్గించి, నిద్ర చిక్కబడిన కొలది క్రమముగా పెంచుకొనవలెను. సాలూరు లారీలు తోలువారును, మూర్ఛవ్యాధి గలవారును డాక్టరు నడుగక ఈ పద్ధతిని పట్టరాదు.

నాలుగవది నా వృత్తికి సంబంధించినది. రాత్రికి ముందే చిట్టా మూయుడు. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయమువారు 57 మంది యువతీయువకులతో ఒక పరీక్ష చేసిరి. పడుకొనుటకు ముందు అయిదు నిమిషములు కొందరు చేసివేసిన పనులను వ్రాసిరి. తక్కినవారు రాబోవు దినములలో చేయవలసిన పనులను వ్రాసిరి. చేయవలసిన పనులను వ్రాసినవారే త్వరగా నిద్రించిరి. లెక్కలు వ్రాయువానికి ఇందులో ఆశ్చర్యము లేదు. కాగితముమీద కెక్కిన పద్దును మనస్సు మోయనక్కరలేదు. "రేపు సొసైటీకి పోవలెను, ఎల్లుండి ఎరువు తేవలెను, బావగారి బాకీ సంక్రాంతి తరువాత" అని వ్రాసి పుస్తకము మూసిన తరువాత, ఆ దిగులు మరల వచ్చినచో, "నీ పద్దు వ్రాసియున్నది, రేపు రమ్ము" అని దానికి చెప్పవచ్చును.

మన పెద్దల అలవాట్లను కూడ మరువకుడు. చరకుడు నిద్ర రానివారికి నూనె పట్టించుకొనుట, స్నానము, పాలు, నేయి, శరీరమును మెల్లగా ఒత్తుట, మనస్సునకు ఇంపైన గంధములు, శబ్దములు చెప్పెను. రాత్రి తేలికగా భుజించి, గోరువెచ్చని నీటితో కాళ్లు కడుగుకొని, అరికాళ్లకు కొంచెము నూనె రాచికొని పడుకొను వృద్ధులు నేటికిని కలరు. ఇందులో ఖర్చు లేదు, అపాయము లేదు. పగటినిద్రను గూర్చియు ఆయుర్వేదము చక్కని లెక్క చెప్పినది. వేసవిలో రాత్రులు చిన్నవి గనుక పగటినిద్ర తగునన్నది. తక్కిన ఋతువులలో ఆరోగ్యవంతునికి వలదన్నది. వృద్ధులకును, రోగులకును, అలసినవారికిని మినహాయింపు నిచ్చినది.

ఇక చేయరానివి రెండు. మద్యము నిద్రను తెచ్చునని కొందరి నమ్మకము. అది ముందు రాత్రి కన్ను మూయించి, వెనుక రాత్రి మేల్కొల్పును. అప్పిచ్చి అర్ధరాత్రి తలుపు తట్టు వడ్డీవ్యాపారి వంటిది. రెండవది, డాక్టరు చీటీ లేక, పొరుగువారు మ్రింగుచున్నారని నిద్రమాత్రలు తెచ్చుకొనుట. ఆల్ప్రజోలం వంటి మాత్రలకు శరీరము అలవాటుపడును. ఒక్కసారిగా మానినచో నిద్ర మునుపటికన్న చెడుటయే కాక, వణకు, కలవరము, ఒక్కొక్కప్పుడు మూర్ఛయు వచ్చును. తెలంగాణమున ఈ మందు కలిపిన కల్తీకల్లునకు అలవాటుపడినవారు, అది దొరకనప్పుడు ఆసుపత్రుల పాలైరి. ఇప్పటికే చాల దినములుగా మ్రింగుచున్నవారు నా మాట విని నేటి రాత్రియే మానవలదు. డాక్టరు చెప్పినట్లు క్రమముగా తగ్గించుకొనవలెను.

అన్ని నిద్రలేములు మనస్సునుండియే పుట్టవు. మన ఉద్దానములో మూత్రపిండముల వ్యాధితో బాధపడువారు ఇంటింట కలరు. ఆ వ్యాధిలో ఒడలు దురద, పడుకొనగనే కాళ్లలో ఏదో ప్రాకినట్లయి కదల్పక నిలువలేకపోవుట సామాన్యము. రక్తములో ఇనుము తక్కువైనవారికిని ఆ కాళ్ల బాధ వచ్చును. గురక పెట్టుచు నడుమ ఊపిరి ఆగినట్లగువారు రాత్రి ఎంత నిద్రించినను పగలు తూగుచుందురు. వీరికి ధైర్యవచనములు చాలవు, వైద్యము కావలెను. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ వ్యాధుల పరిశోధన కేంద్రమును 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి. అక్కడికి పోయినప్పుడు కాళ్ల నొప్పిని, ఆకలిని చెప్పినట్లే నిద్రను గూర్చియు డాక్టరుకు చెప్పుడు. అడుగలేదని చెప్పక రావలదు. నెలల తరబడి నిద్ర లేక, "బ్రతికి ఏమి లాభము" అను మాట ఎవరి నోటనైనను వచ్చినచో, దానిని వేళాకోళముగా తీసికొనక, ఆ మనిషిని ఒంటరిగా విడువక, ఆ దినమే డాక్టరు వద్దకు తోడ్కొనిపొండు.

ఇక అమ్మలను గూర్చి ఒక మాట. మన స్త్రీల పాటలలో ఊర్మిళాదేవి నిద్ర ప్రసిద్ధమైనది. లక్ష్మణుడు వనములో పదునాలుగేండ్లు కన్ను మూయక అన్నను కాచెననియు, ఆయన నిద్రను కూడ ఊర్మిళయే అంతఃపురములో నిద్రించెననియు జనశ్రుతి. ఒకరు మేలుకొన్నచో మరియొకరు నిద్రింపవలెను. ఇల్లు నడచుటకు అదియే ధర్మము. నేడు మన యిండ్లలో ఆ లెక్క తారుమారైనది. డయాలిసిస్ రోగి ప్రక్కను ప్రతి రాత్రియు ఇల్లాలే మేలుకొనును. పసిబిడ్డ ఏడ్చినను ఆమెయే. వేకువను పొయ్యి వెలిగించునదియు ఆమెయే. ఆమె నిద్రను ఎవరును పద్దు వ్రాయుట లేదు. కొడుకులు, మరదులు, పెనిమిటి వంతులు వేసికొని, వారమునకు రెండు మూడు రాత్రులైనను ఆమెకు పూర్తి నిద్ర నీయవలెను. ఇది దయ కాదు, బాకీ.

అట్లే నిద్ర ఒక్కరి సొత్తు కాదు. ఊరందరి ఉమ్మడి సొత్తు. రాత్రి పది గంటలు మొదలు ఉదయము ఆరు గంటలవరకు ఆరుబయట మైకులు మ్రోయరాదని 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు చెప్పుచున్నవి. ప్రత్యేకానుమతి గల కొద్ది పండుగ దినములకు పండ్రెండువరకు సడలింపు కలదు. దేవుని పేరున గాని, పెండ్లి పేరున గాని, ఎన్నికల పేరున గాని రోగి నిద్ర చెరచుట పుణ్యము కాదని మన యువకులకు మనవి.

తుదకు గ్రంథాలయమును గూర్చి. ఇరువదియైదేండ్లుగా ఈ గది మనలను మేల్కొల్పినది. నిద్రపుచ్చుటకు కూడ దీనికి శక్తి కలదని నా నమ్మకము. కథ యెరిగిన పుస్తకమును, రాత్రి నాలుగు పుటలు, నెమ్మదిగా చదువువాని మనస్సు తన తోటనుండి, తన అప్పునుండి ఒకింత తొలగి పరుల కథలో కూర్చుండును. అపరాధపరిశోధన నవలలు ఆ వేళకు తగవు. అవి తెల్లవార్లు మేల్కొల్పును. కార్యదర్శిగారికి నా విన్నపమొకటి కలదు. పురాణకథలు, యాత్రాచరిత్రలు, పాత కథాసంపుటములు కొన్ని యేర్చి, పెద్ద అక్షరములవి చూచి, "రాత్రి పఠనము" అని ఒక అర ఏర్పరుపుడు. చదువలేని వృద్ధులకై సాయంకాలము ఏడుమొదలు ఎనిమిదివరకు ఎవరైన ఒకరు పైకి చదివి వినిపింపవలెను. వారమునకు రెండు దినములు ఆ పని చేయుటకు నేను సిద్ధముగా నున్నాను.

నిద్రను బలవంతముగా పట్టితెచ్చుట ఎవరికిని సాధ్యము కాదు. పిలిచినచో రాని పిల్లివంటిది అది. మన పని మనము చూచుకొనుచున్నచో తానే వచ్చి ఒడిలో కూర్చుండును. అసలు తీరువరకు ఓర్పు పట్టుదము. వడ్డీని మాత్రము నేటి రాత్రినుండి కట్టిపెట్టుదము.  మీ యిండ్ల దీపములు సకాలమున ఆరి, మీ కన్నులు సుఖముగా మూతపడుగాక!